సముద్రం ఒడ్డు వార్డుకు కార్పొరేటర్ అయితే ఏడాది పని ఎలా చేసుకోవాలి

కొత్తగా గెలిచినవాళ్ళు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే. "అక్కా, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" నేను అందరికీ ఒకటే చెబుతాను. మీ వార్డులో గెడ్డ, అంటే ఊరి మధ్యగా పారే వాగు, ఎక్కడ సముద్రంలో కలుస్తుందో అక్కడికి నడిచి వెళ్ళండి. కారు వద్దు, వెనక పదిమంది వద్దు. శానిటేషన్ మేస్త్రీని, ఆ వీధిలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయనను వెంటబెట్టుకోండి. గెడ్డ మొగ, అంటే సముద్రంలో కలిసే నోరు, తెరుచుకుని ఉందా, ఇసుక మూసేసిందా చూడండి. మూసుకుపోయి ఉంటే రాబోయే వానల్లో ఎవరి ఇంట్లోకి నీళ్ళొస్తాయో ఆ పెద్దాయన అక్కడే వేలు పెట్టి చూపిస్తాడు.

నేను విశాఖపట్నంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక వార్డుకు ఐదేళ్ళు కార్పొరేటర్‌గా పనిచేశాను. మాది వేట కుటుంబం. మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగి చేపలు అమ్మింది. మా జీవీఎంసీలో, అంటే గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్‌లో, 98 వార్డులు ఉన్నాయి. కొండవాలు వార్డుల బాధలు వేరు, ఫ్యాక్టరీల పక్క వార్డుల బాధలు వేరు. ఒడ్డు వార్డులో మాత్రం ఏ పని ఎప్పుడు చేయాలో సముద్రమే చెబుతుంది. ఆఫీసు లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తుంది. వేట నిషేధం, నైరుతి వానలు, తుఫాన్లు, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, వీటి లెక్క వేరు. ఆ కాలాలకు మూడు నాలుగు నెలల ముందే కాగితం కదిలించాలి. లేకపోతే డబ్బు మంజూరయ్యేసరికి వాన వచ్చి వెళ్ళిపోతుంది. కార్పొరేషన్‌లో కార్పొరేటర్ అంటారు, మున్సిపాలిటీలో కౌన్సిలర్ అంటారు. ఒడ్డున పని రెండు చోట్లా ఒకటే.

మొదటి నెల: నడక, పుస్తకం

ఒక పొడుగు రూళ్ళ పుస్తకం కొనుక్కోండి. ఫోన్‌లో రాసుకున్నవి ఫోన్‌తోనే పోతాయి. నేను మొదటి నెలలో వార్డంతా మూడుసార్లు నడిచాను. ఒకసారి తెల్లవారుజామున పారిశుధ్య కార్మికుల మస్తరు వేళకు, ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు చూసుకుంటూ. రెండోసారి రాత్రి తొమ్మిది తర్వాత, వెలగని లైట్ల స్తంభాల నంబర్లు రాసుకుంటూ. మూడోసారి పౌర్ణమి నాడు సముద్రం పోటు మీద ఉన్నప్పుడు, ఒడ్డు వీధుల్లో నీరు ఎక్కడి దాకా వస్తుందో చూస్తూ. మూడో నడక చాలామంది చేయరు. ఒడ్డు వార్డుకు అదే ముఖ్యం.

పుస్తకంలో చేత్తో మ్యాప్ గీసుకోండి. గెడ్డలు, కల్వర్టులు, పబ్లిక్ కుళాయిలు, బోర్లు, మరుగుదొడ్లు, బోట్లు లాగిపెట్టే చోటు, వలలు ఆరేసే చోటు, ఎండుచేపల కళ్ళాలు. బోరు నీళ్ళు ఏ వీధి నుంచి ఉప్పగా మారతాయో ఆడవాళ్ళను అడిగి గుర్తు పెట్టుకోండి. ఆ గీత అవతల కొత్త బోరు వేయించడం డబ్బు దండగ. అక్కడ పైపులైను కోసమే పోరాడాలి.

వార్డు సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి. అమెనిటీస్, శానిటేషన్, ప్లానింగ్, ఎనర్జీ, వెల్ఫేర్ సెక్రటరీలు, మహిళా పోలీసు, వీళ్ళందరి పేర్లు మీకు రావాలి. వయసులో చిన్నవాళ్ళే అయినా "గారు" అని పిలవండి. వాళ్ళ ముందు జనం మిమ్మల్ని ఎలా చూడాలనుకుంటారో, జనం ముందు మీరు వాళ్ళని అలాగే చూడాలి.

మహిళలుగా గెలిచినవాళ్ళకి ఇంకో మాట. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనవే. కుర్చీలో మీరే కూర్చోండి, ఫోన్ మీరే ఎత్తండి, సంతకం మీరే పెట్టండి. మొదటి రెండు నెలలు అధికారులు మా ఆయనకే ఫోన్ చేసేవారు. ఆయనే ప్రతిసారీ "కార్పొరేటర్ గారికి ఇస్తాను, ఉండండి" అనేవారు. మూడో నెలకి అందరికీ అలవాటైపోయింది.

కాగితం రాయడం నేర్చుకోండి

నోటితో చెప్పిన పని నోటితోనే పోతుంది. "మా వార్డులో డ్రైనేజీ సమస్య తీవ్రంగా ఉంది, తక్షణం పరిష్కరించగలరు" అని రాస్తే ఆ కాగితం ఫైలులో నిద్రపోతుంది. నేను రాసే తీరు ఇది:

"ఫలానా వీధి కల్వర్టు నుంచి సముద్రం వరకు గెడ్డ పొడవు సుమారు 300 మీటర్లు. కల్వర్టు దగ్గర 3 అడుగులు, స్కూలు వెనక 2 అడుగుల పూడిక ఉంది. పోయిన ఏడాది జూలై వానకు నీరు చేరిన 42 ఇళ్ళ జాబితా, ఫొటోలు జతపరిచాను. మే 31 లోపు పూడిక తీయించి, తీసిన మట్టిని రెండు రోజుల్లో తరలించవలసిందిగా కోరుతున్నాను."

ఎక్కడ, ఎంత, ఎవరికి నష్టం, ఏ తేదీలోపు. ఈ నాలుగూ ఉండాలి. ఒక పని, ఒక ఉత్తరం. ఐదు పనులు ఒకే ఉత్తరంలో రాస్తే అది ఐదు సెక్షన్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఉత్తరాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు పుస్తకంలో రాసి, 15 రోజులకి ఫలానా నంబరు కాగితం ఎక్కడుందని అడగండి. కౌన్సిల్ సమావేశంలో కూడా అంతే. ప్రశ్న ముందుగా రాతపూర్వకంగా ఇచ్చి, ఆ నంబర్లు చదివి కూర్చోండి. గట్టిగా అరిచినవాళ్ళ ఫొటో పేపర్లో వస్తుంది. నంబరు చదివినవాళ్ళకి సమాధానం రికార్డులోకి ఎక్కుతుంది.

పని నడిచే దారి కూడా తెలిసుండాలి. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఎస్టిమేట్ వేస్తారు. ఆయన పై ఇంజనీర్లు డీఈ, ఈఈ చూస్తారు. మొత్తాన్ని బట్టి కమిషనర్ దగ్గరో, స్టాండింగ్ కమిటీలోనో, కౌన్సిల్‌లోనో మంజూరవుతుంది. తర్వాత టెండరు, అగ్రిమెంటు, పని. పని కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కాకే బిల్లు. నా వార్డులో చిన్న కాలువ పనికి కూడా ఇదంతా అయ్యేసరికి మూడు నెలలు దాటేది. అందుకే ఏప్రిల్‌లో జరగాల్సిన పూడికతీతకు నా ఉత్తరం డిసెంబరులోనే వెళ్ళేది.

ఎస్టిమేట్ దశలోనే ఏఈతో కూర్చోవాలని నాకు ఒక పొరపాటు నేర్పింది. మొదటి ఏడాది ఒడ్డు వీధిలో లైట్ల స్తంభాలు వేయించాను. రంగు వేసిన మామూలు ఇనుప స్తంభాలు. ఉప్పుగాలికి రెండేళ్ళు తిరక్కుండా మొదళ్ళలో తుప్పు పొరలు పొరలుగా ఊడింది. చేత్తో నొక్కితే రేకు లోపలికి పోయింది. పిల్లలు ఆడుకునే చోటు కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎస్టిమేట్‌లో గాల్వనైజ్డ్ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసినది) అని ఒక్క మాట రాయిస్తే సరిపోయేది. ఒడ్డు నుంచి నాలుగు వీధుల లోపల ఏ ఇనుప వస్తువు పెట్టినా, కుళాయి దగ్గర నుంచి పార్కు బెంచీ వరకు, ఉప్పుగాలికి ఆగేదేనా అని ముందే అడగండి.

ఏప్రిల్ నుంచి జూన్: వేట నిషేధం, గెడ్డ మొగ

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు ఇది వర్తించదు. మరబోట్లు, ఇంజను బోట్లు ఒడ్డున ఉండిపోతాయి. ఆ రెండు నెలలు ఇంట్లో రాబడి ఉండదు. నిషేధ కాలం భృతిని 2019లో 10,000 రూపాయలు చేశారు, 2025 నుంచి 20,000 ఇస్తున్నారు.

ఈ భృతి మత్స్యశాఖ పని, మన చేతిలో లేదు. అయినా పేరు రాకపోతే జనం మన గుమ్మంలోకే వస్తారు. రావాలి కూడా. నిషేధం మొదలవగానే మత్స్యశాఖ వాళ్ళు ఒడ్డుకొచ్చి బోట్లు, బోటులో పనిచేసే కలాసీల పేర్లు రాసుకుంటారు. దానికి నెల ముందే, మార్చిలో, బోటు యజమానులను ఒకచోట కూర్చోబెట్టండి. రిజిస్ట్రేషన్ ఉందా, ఏ కలాసీ ఏ బోటులో వెళుతున్నాడు, ఎవరి బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలవలేదు, ఎవరు బోటు మారారు, అన్నీ ఆ రోజే తేలిపోవాలి. మా వార్డులో పేరు తప్పిపోయినవాళ్ళలో ఎక్కువమంది బోటు మారినవాళ్ళే. జాబితా సచివాలయం బోర్డు మీద పెట్టగానే వీధిలో మైకు పెట్టించి చదివించండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు చిన్నది.

ఆ రెండు నెలలు మగవాళ్ళు ఇంటి దగ్గరే ఉంటారు. వార్డు సభ పెట్టుకోవడానికి, షెడ్లు బాగుచేయించడానికి, కళ్ళాలు కడిగించడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఏప్రిల్‌లోనే ఇంటిపన్ను ఏడాదికి ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుందని కూడా అదే మైకులో చెప్పించండి.

ఇక గెడ్డ. మా ఉత్తరాంధ్రలో కొండల మీద నుంచి ఊరి మధ్యగా పారే వాగును గెడ్డ అంటాం. ఇళ్ళ మురుగు కూడా ఇప్పుడు అందులోకే. వేసవిలో పారుదల తగ్గగానే అలలు ఇసుకను తోసి మొగ మూసేస్తాయి. వెనక నీరు నిలుస్తుంది, వాసన, దోమలు. మొదటి వానకు ఆ నీరు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వస్తుంది.

నా మొదటి జూన్‌లో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "అమ్మా, మొగ మూసుకుపోనాది, నీలు మా గుమ్మంలోకొచ్చేసినాయి." మర్నాడు ఉదయం పదకొండు గంటలకు జేసీబీ తెప్పించాను. రెండు గంటలు తవ్వారు. ఫొటోలు తీసుకున్నాం. సాయంత్రం ఐదుకి వెళ్ళి చూస్తే గండి ఆనవాలు లేదు. అలలు మళ్ళీ ఇసుక నింపేశాయి. పక్కనే వల కుట్టుకుంటున్న ఒక తాత, మా నాన్నతో వేటకెళ్ళినాయన, తల ఎత్తకుండానే అన్నాడు. "పోటు మీద తవ్వితే ఏటి నిలుత్తాదమ్మా? నీరు తీసే యేల తవ్వాల."

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇది. సముద్రం రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ వేళ రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు తగ్గి నీరు తీయడం మొదలవకముందే జేసీబీ అక్కడ ఉండాలి. సముద్రం వైపు నుంచి గెడ్డ వైపు తవ్వుకుంటూ రావాలి. గెడ్డ నీటికి, తవ్విన కాలువకి మధ్య చివరి ఐదారు అడుగుల ఇసుక కట్ట అలాగే ఉంచాలి. ఆటు మొదలయ్యాక దాన్ని తెంచాలి. అప్పుడు గెడ్డలో నిలిచిన నీరంతా ఒక్కసారి బరువుగా దిగి, ఆరు గంటలపాటు తన దారి తానే కోసుకుంటుంది. జేసీబీ రెండు గంటల్లో తవ్విన దానికన్నా ఆ నీరు తవ్వేది ఎక్కువ. రెండోసారి అలాగే చేశాం. ఆ తాతనే గట్టు మీద నిలబెట్టి, ఆయన చెయ్యి ఊపాకే కట్ట తెంచాం. నల్లటి నీరు ఇసుక అంచుల్ని పెళ్ళలు పెళ్ళలుగా విరగ్గొట్టుకుంటూ వెళ్ళింది. మొగ ఇరవై రోజులకు పైగా నిలిచింది.

తవ్విన ఇసుకను ఎవరూ లారీలో తీసుకుపోకుండా చూడండి. ఒడ్డు ఇసుక తరలించడం చట్టరీత్యా నేరం. పైగా ఆ ఇసుక పోతే కోత పెరిగేది మన వార్డుకే. అటూ ఇటూ గట్టు మీదే పరిపించాలి.

పూడికతీతకు ఒక వెదురు గెడ దగ్గర పెట్టుకోండి. దానికి అడుగు అడుగుకీ ఎర్ర గుడ్డ కట్టండి. పని మొదలయ్యే ముందు పది చోట్ల దించి లోతు రాసుకోండి, పని అయ్యాక అవే పది చోట్ల దించండి. ఏఈ గారి సమక్షంలో, వీధివాళ్ళు చూస్తుండగా. ఒక ఏడాది కాంట్రాక్టర్ తీసిన పూడికంతా గట్టు మీద పోసి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా వాన పడి, మొత్తం మళ్ళీ గెడ్డలోకే దిగింది. అప్పటి నుంచి మట్టి తరలించిన ట్రిప్పుల లెక్క కూడా వీధివాళ్ళ చేతే రాయించాను.

వానాకాలం

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు దోమల మీద దృష్టి పెట్టండి. అందరూ కొబ్బరి చిప్పలు, పూలకుండీల గురించి చెబుతారు. మత్స్యకార వీధుల్లో అసలు చోట్లు వేరే ఉన్నాయి. ఒరుసుకోకుండా బోట్ల పక్కలకు వేలాడదీసే పాత టైర్లు, మూలన పడేసిన ఐసు పెట్టెలు, వాడని ఫైబర్ బోట్ల అడుగులు. డెంగీ దోమకు మంచి నీళ్ళు నిలిస్తే చాలు. శుక్రవారం డ్రై డే నాడు, అంటే నిలవ నీళ్ళు పారబోసే రోజున, మలేరియా సిబ్బందిని ఇళ్ళతో పాటు ఒడ్డుకి కూడా తీసుకెళ్ళండి. టైర్లకు అడుగున మేకుతో రెండు కన్నాలు పొడిస్తే నీరు నిలవదు. యజమానులు ఒప్పుకుంటారు, అడగాలంతే.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. జోడుగుళ్ళపాలెం, అప్పుఘర్ మీదుగా నడిచే భక్తులు అక్కడ సముద్ర స్నానం చేస్తారు. మీ వార్డు ఆ దారిలో ఉంటే నెల ముందే తాగునీరు, లైట్లు, ఆడవాళ్ళకు బట్టలు మార్చుకునే గదులు, మొబైల్ టాయిలెట్లు అడగండి. అప్పుడు సముద్రం అలజడిగా ఉంటుంది, గజ ఈతగాళ్ళు తప్పనిసరి. వినాయక నిమజ్జనానికి, కార్తీక పౌర్ణమికి, శివరాత్రి మర్నాటి స్నానాలకు కూడా ఇదే జాబితా పనికొస్తుంది.

సముద్ర స్నానాలకు వచ్చి మునిగిపోయిన పిల్లల్ని ఒడ్డుకు చేర్చిన ఇళ్ళు మావి. అందుకే ఒక్క విషయం అందరికీ చెప్పించండి. అల తెల్లగా విరగకుండా, నీరు నల్లగా ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగేస్తుంది. కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. బోర్డు మీద "ప్రమాదం, స్నానం నిషేధం" అని రాస్తే ఎవరూ ఆగరు. నల్లటి నీటి గురించి పైన చెప్పిన రెండు వాక్యాలు రాయించండి, ఆగుతారు.

ఒడ్డు కోత గురించి జనం గట్టిగా నిలదీస్తారు. ఏడాదిలో ఎక్కువ కాలం మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ గోడలు వచ్చాక ఆ కదలికకు అడ్డుపడింది. అందుకే పోర్టు తవ్వి తీసిన ఇసుకను బీచ్ వైపు పంప్ చేయిస్తుంటుంది. ఇది వార్డు స్థాయిలో తేలే పని కాదని నిజం చెప్పండి. మీరు చేయగలిగింది లెక్క ఉంచడం. ఒక సిమెంటు మెట్టు గుర్తు పెట్టుకోండి. ప్రతి పౌర్ణమికి, ఆటు వేళ, ఆ మెట్టు నుంచి తడి ఇసుక దాకా టేపుతో కొలిచి, అక్కడే నిలబడి ఫొటో తీయండి. మూడేళ్ళ కొలతలు ఉన్న కార్పొరేటర్ మాటకు ఇంజనీర్లు ఆగి వింటారు.

అక్టోబర్ నుంచి డిసెంబర్: తుఫాను

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. అప్పటికి నేను కార్పొరేటర్‌ని కాను. పిల్లలతో, అత్తయ్యతో ఇంట్లో ఉన్నాను. పొద్దుటి నుంచి గాలి. పై రేకు మేకులతో సహా లేచిపోయింది. మధ్యాహ్నం వేళ గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుఫాను వెళ్ళిపోయిందనుకుని వీధిలోకి వచ్చేశాం. ఎగిరిపోయిన రేకులు ఏరుకుంటున్నాం. కాసేపటికి అటు నుంచి వచ్చిన గాలి ఇటు నుంచి మొదలైంది, మొదటిదానికన్నా గట్టిగా. తుఫాను కన్ను మా మీదుగా పోతోందని మాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే నేను కార్పొరేటర్ అయ్యాక ప్రతి సెప్టెంబర్‌లో వీధి వీధినా చెప్పించిన మొదటి మాట ఇదే: గాలి ఆగిందని బయటికి రావద్దు, అధికారులు చెప్పేదాకా లోపలే ఉండండి.

వాతావరణ శాఖ హెచ్చరికలు మెట్లు మెట్లుగా వస్తాయి. 72 గంటల ముందు ఒకటి, 48 గంటలకు ఇంకొకటి, 24 గంటలకు ఇంకొకటి. పోర్టులో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. మా వాళ్ళకు మూడో నంబరు, పదో నంబరు అంటే అర్థమైపోతుంది. ఆకాశంలో మబ్బు లేకుండానే దూరం నుంచి వచ్చే ఎత్తైన అలల గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం హెచ్చరికలు ఇస్తుంది. ఈ రెండు చోట్ల నుంచి వచ్చినవి తప్ప వాట్సాప్‌లో తిరిగేవి ఏవీ మైకులో చదివించవద్దు.

72 గంటల మాట రాగానే నేను చేసే మొదటి పని బోట్ల లెక్క. ఎవరు లోపల ఉన్నారు, ఎప్పుడు బయల్దేరారు, వైర్‌లెస్ సెట్‌లో మాట కలిసిందా. లోతు వేటకెళ్ళే బోట్లు పది పదిహేను రోజులు రావు. యజమానుల సంఘం, మత్స్యశాఖ, మహిళా పోలీసు, ముగ్గురి దగ్గరా ఒకే జాబితా ఉండాలి. ఒడ్డున ఉన్న ఫైబర్ బోట్లు, ఇంజన్లు, వలలు మెరక మీదికి ఎక్కించడానికి ట్రాక్టర్ ముందే మాట్లాడుకోండి. ప్రాణం తర్వాత మా వాళ్ళు కళ్ళలో పెట్టుకునేది వలే. వల భద్రంగా ఉందంటే షెల్టర్‌కి వస్తారు. లేకపోతే ఎంత బతిమాలినా వల దగ్గరే కూర్చుంటారు.

48 గంటలకు షెల్టర్. స్కూలు తాళం ఎవరి దగ్గర ఉంది? సెలవుల్లో తాళాలు హెడ్మాస్టర్ గారి ఊరికి వెళ్ళిపోతాయి. ఒక డూప్లికేటు సచివాలయంలో ఉండాలి. మరుగుదొడ్లో నీళ్ళు వస్తున్నాయా, డ్రమ్ములు నింపారా, కరెంటు పోతే జనరేటర్, దానికి డీజిల్. నెలలు నిండినవాళ్ళు, మంచంలో ఉన్నవాళ్ళు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, ఈ జాబితా ఏఎన్ఎం, ఆశా అమ్మాయిల దగ్గర సెప్టెంబర్‌లోనే సిద్ధంగా ఉండాలి. వీళ్ళని పగటి వెలుతురులో, మొదటి ఆటోలో తరలించండి. చెట్లు కోసే మిషన్లు రెండు వార్డులోనే ఉంచుకోండి. హుద్‌హుద్ తర్వాత మా వీధిలోకి పాల వ్యాన్ రాలేకపోయింది అడ్డం పడ్డ చెట్ల వల్లే. హుద్‌హుద్ తర్వాత నగరంలో కరెంటు తీగలు భూమిలో వేసే పని చేపట్టారు. మీ వార్డులో ఏ వీధుల్లో ఇంకా పై తీగలున్నాయో లైన్‌మన్‌తో కలిసి చూసుకోండి. కరెంటుకు 1912, ఆపదకు 112, అంబులెన్సుకు 108. ఈ మూడు నంబర్లు సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

తుఫాను వెళ్ళాక నష్టం రాసేటప్పుడు ఉండాల్సింది వీధిలోనే. ఒక గాలివాన తర్వాత జాబితాలో ఇంటి యజమానుల పేర్లే ఎక్కాయి, లోపల సామాను తడిసిపోయిన అద్దెవాళ్ళ పేర్లు లేవు. పదిహేడు కుటుంబాలు. మళ్ళీ రాయించడానికి నెల తిరిగాను. రాసేవాళ్ళ పక్కనే నడిచి "ఇక్కడ అద్దెకున్నది ఎవరు?" అని ఆ గుమ్మంలోనే అడిగి ఉంటే అయిపోయేది. తుఫానుకు ముందే బోట్లు, వలలు, ఇళ్ళు ఫొటో తీసి పెట్టుకోమని అందరికీ చెప్పండి. తర్వాతి ఫొటో ఒక్కటే ఉంటే ముందు ఏముండేదని అడుగుతారు.

మాట ఇచ్చే ముందు

ఒడ్డున కమ్యూనిటీ హాలు కావాలని అడుగుతారు. గుడి పక్కన షెడ్డు, యువకులకు జిమ్ము. ఊ అనకండి. తీరంలో నిర్మాణాలకు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు ఉన్నాయి, ఇప్పుడు నడుస్తున్నది 2019 నోటిఫికేషన్. హై టైడ్ లైన్ నుంచి, అంటే పోటు నీరు చేరే గీత నుంచి, 500 మీటర్ల వరకు సాధారణంగా దాని పరిధి. మీ వార్డులో ఆ గీత ఎక్కడుందో, ఏ జోనో టౌన్ ప్లానింగ్ దగ్గర మ్యాప్ చూసి మీ పుస్తకంలోకి ఎక్కించుకోండి. నగరంలో ఇప్పటికే ఉన్న రోడ్డుకు లోపలి వైపు ఒక లెక్క, సముద్రం వైపు ఇంకో లెక్క. వలలు బాగుచేసుకునే షెడ్లు, చేపల కళ్ళాలు, వేలం షెడ్లు లాంటి మత్స్యకారుల అవసరాలకు వెసులుబాటు ఉంది, అనుమతి అడిగి తెచ్చుకోవాలి. మ్యాప్ చూడకుండా మాటిచ్చి, పునాది తీశాక ఆగిపోయిన పని ఏళ్ళ తరబడి మీ పేరు మీదే కనిపిస్తుంది.

చేపలమ్మే ఆడవాళ్ళ విషయంలో మాత్రం వెనకాడకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, గుర్తింపు కార్డులు ఇవ్వకుండా వాళ్ళని లేపేయకూడదు. వంజరం, చందువా తట్టల ముందు పదిమంది కూర్చునే ఏ మూలకైనా మూడు కావాలి: నీడ, కడుక్కోవడానికి నీళ్ళు, నడిచి వెళ్ళేంత దూరంలో తలుపున్న మరుగుదొడ్డి. మా అమ్మ పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నీళ్ళు తాగేది కాదు, వెళ్ళడానికి చోటు లేక. నా ఐదేళ్ళలో నేను ఎక్కువసార్లు ఇన్‌వర్డ్ చేయించిన కాగితం ఆ మరుగుదొడ్డిదే. నాలుగోసారికి కట్టారు. తాళం చెవి అక్కడ కూర్చునే ఆడవాళ్ళ చేతికే ఇప్పించాను.

జనవరి నుంచి మార్చి

ఈ నెలల పనికి డిసెంబర్ మొదట్లోనే బడ్జెట్ మీద కూర్చోండి. కొత్త బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచి నడవాలి కాబట్టి కౌన్సిల్‌కి అంతకు ముందే వస్తుంది. అక్కడ చేతులెత్తేటప్పుడు అడిగితే ఆలస్యం. డిసెంబర్, జనవరిలోనే జోనల్ ఆఫీసులో మీ పనులు ప్రతిపాదనల్లోకి ఎక్కాలి. నేను ప్రతి ఏడాదీ పట్టుబట్టింది ఒకటుంది: గెడ్డ మొగ తెరిచే పనికి ఒక్కసారి కాకుండా ఏడాదికి ఐదారుసార్లు జేసీబీ వచ్చేలా డబ్బు పెట్టించడం. ఇసుక ఒకసారి తీస్తే ఊరుకునేది కాదని ఆడిట్ వాళ్ళకి అర్థమయ్యేలా తేదీలతో ఫొటోలు ఇచ్చాను.

ఇదే కాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి హేచరీలో పెడతారు. ఇంచుమించు ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికొస్తాయి. ఈ నెలల్లో ఒడ్డు మీద జేసీబీ దింపాల్సి వస్తే ముందు వాళ్ళకి ఫోన్ చేసి, మనిషి వచ్చి ఇసుక చూసి వెళ్ళాకే దింపండి. కుక్కల బెడద ఉన్న చోటు కూడా చెప్పండి. తాబేలు పిల్ల వెలుగు వైపు పోతుంది. ఒడ్డున మన లైట్లు వెలుగుతుంటే సముద్రం వదిలేసి రోడ్డు మీదికి వచ్చేస్తుంది. హేచరీకి ఎదురుగా ఉన్న స్తంభాల నంబర్లు మీ పుస్తకంలో ఉంటాయి కదా. పిల్లలు వదిలే ముందు రోజు సాయంత్రమే అటవీ శాఖ వాళ్ళని అడిగి, ఆ నంబర్లు ఎనర్జీ సెక్రటరీ గారికి పంపండి. మాకు అలాంటివి నాలుగు స్తంభాలు ఉండేవి. తెల్లారేదాకా ఆర్పేవారు, వెలుతురు వచ్చేసరికి ఇసుక మీద సన్నటి గీతలన్నీ నీటి వైపే ఉండేవి.